కాసు వ్యయములేని ప్రకటన: చిన్న లారీ యజమానులకు

(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసపాఠము)



పదవీవిరమణము చేసిన సంస్కృతోపాధ్యాయులను సభకు పిలిచినవారు విద్యావశ్యకతనుగూర్చియో, పూర్వుల సదాచారమునుగూర్చియో ఉపన్యాసమును నిరీక్షింతురు. ఈ యేడు మేము లారీలనుగూర్చి మాటలాడనెంచితిమి. మాయొద్ద శబ్దమంజరి వల్లెవేసిన పిల్లలలో కొందరిప్పుడు లారీ యజమానులై యున్నారు. పొలము కుదువబెట్టి యొకడు, ఇల్లాలి నగలమ్మి యొకడు, ఫైనాన్సు కంపెనీయందు అప్పుచేసి తక్కినవారు, తలకొక లారీ కొనిరి. లారీ కదలినను కదలకున్నను నెలవాయిదా మాత్రము కదలి వచ్చుచునే యుండును. రెండుమూడు వాయిదాలు తప్పెనా, బండిని పట్టుకొనిపోవుదురు. కుదువబెట్టిన పొలము దానివెంటనే పోవును. మన కుటుంబములలో ఇట్లు పోయిన పొలములున్నవని ఈ సభలోనివారెల్ల రెరుగుదురు, పేర్లు చెప్పనక్కరలేదు.

వారితో మేము పలుమారులు మాటలాడితిమి. కోనసీమలో సరుకు లేదని ఒక్కడును చెప్పలేదు. సరుకు గలవానికి తమ పేరు తెలియదనియే అందరును చెప్పిరి. "పేరు తెలియవలెనంటే ప్రకటనలు వేయాలి, దానికి డబ్బెక్కడిదండీ మాస్టారూ?" అని యడిగిరి. ఆ ప్రశ్నకు మాకు తోచిన సమాధానమే ఈ యుపన్యాసము.

మొదట మన సీమ సంగతి కొంచెము జ్ఞప్తికి దెచ్చుకొందము. గౌతమీ వసిష్ఠల నడుమ, వైనతేయము చీల్చిన ఈ త్రికోణభూమిలోనుండి ఏ వస్తువు వెలికి పోవలెనన్నను నీరు దాటవలసినదే. 1847లో మొదలై 1852లో ముగిసిన దవళేశ్వరపు ఆనకట్ట మనకు వరిపంటను మాత్రమే గాక కాలువలను, కాలువలతోడ పడవలను ఇచ్చినది. గన్నవరమువద్ద వైనతేయముమీదుగా కాలువనే దాటించిన అక్విడక్టును చూచినవారికి ఆనాటివారు జలమార్గమునకు ఎంత విలువ యిచ్చిరో తెలియును. గట్టున మనుష్యులు నడచుచు తాడులాగి పడవల నడిపించిన కాలమది. రైలో, కాకినాడనుండి కోటిపల్లివరకు 1928లో వచ్చి, గౌతమి యావలియొడ్డుననే ఆగిపోయినది; రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆ పట్టాలను కూడ ఊడబెరికి తీసికొనిపోయిరి; 2004లో గాని ఆ మార్గము మరల తెరువబడలేదు. ఏటి నిటు దాటి కోనసీమ గడ్డకు రైలింకను రాలేదు. రావులపాలెపు వంతెనలు, చించినాడ వంతెన, 2002లో తెరచిన యానాం ఎదురులంక వంతెన, ఇవియే మనకు వాకిళ్ళు. ఆ వాకిళ్ళలో పోవునది లారీ. కనుక మన కొబ్బరికాయయు, అరటిగెలయు, చేపయు, ధాన్యమును లారీవాని మంచిచెడ్డలమీద ఆధారపడియున్నవి. ఇది లారీ కొన్నవాని యొక్కని సంసారపు గొడవ గాదు.

ఇక మన యువకులు చేయుచున్నదేమి? రావులపాలెపు కూడలియందో, అంబాజీపేట రోడ్డు ప్రక్కనో బండి నిలిపి, ట్రాన్సుపోర్టు ఆఫీసు బల్లమీద కూర్చుండి, బ్రోకరు పిలుపునకై కనిపెట్టుకొని యుందురు. బ్రోకరు చెడ్డవాడని మేమనము. అతడు ఇరుప్రక్కలవారి నెరిగినవాడు, అడ్వాన్సు ఇప్పించువాడు, తగవు వచ్చినప్పుడు నడుమ నిలుచువాడు. అతని కమీషను అతని కష్టమునకు కూలి. కాని యెల్లకాలము అతని నోటనే మీ పేరు పలికించుకొన్నచో, ఆ పేరు మీది కాక అతనిదగును. పదేండ్లు లారీ నడిపి, తన సరుకు దించుకొను వర్తకుని పేరైన నెరుగని యజమానులను మేము చూచితిమి. పదేండ్లు బడికి వచ్చి ఉపాధ్యాయుని పేరెరుగని విద్యార్థియు ఇట్టివాడే గదా!

నాయనలారా! ఇచ్చట ఒక సూక్ష్మము గలదు. అంబాజీపేటలో మీకు లోడు ఎత్తించు వర్తకుడే మీకు ఖాతాదారుడని మీరు తలచుచున్నారు. మీ కిరాయిలో కొంత యిచ్చట అడ్వాన్సుగా వచ్చును. మిగిలినది సరుకు దిగినచోట వచ్చును. ఆ దిగుచోట, అనగా బీహారులోనో, ఉత్తరప్రదేశమునందో, మహారాష్ట్రమునందో ఉన్న కొనుగోలుదారుడు, "ఈమారు కూడ ఆ బండినే పంపుడు" అని అంబాజీపేటకు ఒక్క మాట చెప్పెనా, మీరు బల్లమీద కూర్చుండ నక్కరలేదు. మీ ప్రకటన చదువవలసినవాడు వేయి మైళ్ళ దూరమున నున్నాడు. మీరో, బండి నక్కడికి పంపియు, ఆతనితో ఒక్క మాటయు మాటలాడక తిరిగి రప్పించుచున్నారు.

అతనికి కావలసిన దేమి? కాయ యెప్పుడు వచ్చునో తెలియవలెను. హమాలీలను పిలుచుకొనుటకును, దుకాణదారులకు మాట యిచ్చుటకును అదియే మూలము. కనుక ప్రతిదినము సాయంకాలము ఒక్కమారు, యజమాని తానే, ఆ వర్తకునికి ఫోను చేసి, బండి నేడెక్కడ నున్నది, రేపెక్కడికి చేరును, ఏ దినమున దిగును అను మూడు సంగతులు చెప్పవలెను. ఈ దినములలో దానికి విడిగా ఖర్చేమియు లేదు. లోడెత్తునప్పటి ఛాయాచిత్రమును, కాటా చీటీని వాట్సాపులో పంపుటకును ఖర్చు లేదు. టైరు పగిలి ఒక పూట ఆలస్యమైనచో ఆ సంగతి వర్తకుడు అడుగకముందే తెలుపవలెను. "వచ్చేశామండీ, ఇంకో గంటండీ" అని రెండుదినములు బొంకువానికంటె, "ఒకదినము ఆలస్యమగును" అని మొదటనే చెప్పినవానికి రెండవ లోడు దొరకును.

ఈ ప్రసంగమునకు మా సంస్కృతము కూడ కొంత పనికివచ్చుచున్నది. తిథులనుగూర్చి చెప్పెదము. మనము అమావాస్యతో మాసమును ముగింతుము. ఉత్తరదేశమువారు పూర్ణిమతో ముగింతురు. అందుచేత వారి శ్రావణమాసము మన శ్రావణమునకు పదునైదు దినములు ముందుగానే మొదలగును. ఆ మాసమున సోమవారములందు శివాలయములలో వారికి కొబ్బరికాయ కావలెను. మన పంచాంగమును చూచి శ్రావణము రానిమ్మని కూర్చున్నవాడు పక్షము దినములు వెనుకబడినవాడే. అట్లే దీపావళి తరువాత కార్తిక శుద్ధ షష్ఠినాడు బీహారువారు ఛఠ్ అను సూర్యవ్రతము చేయుదురు. అందు కాయ లేనిదే గడువదు. షష్ఠి గడచిన తరువాత సప్తమినాడు మధ్యాహ్నము దిగిన లోడునకు ధర యేమి యుండును? లారీ యజమాని యొక ఉత్తరదేశపు పంచాంగమును గోడకు తగిలించుకొని, పండుగకు ఇరువదిదినములు ముందుగా తాను మునుపు సరుకు దించిన వర్తకులందరికి ఫోను చేసి, "అయ్యా, ఫలానా తేదీకి మా బండి ఖాళీగా నున్నది" అని చెప్పెనా, అంతకు మించిన ప్రకటనను ఏ పత్రికయు వేయజాలదు.

భాష రాదందురు. మన పిల్లలు దక్షిణభారత హిందీ ప్రచారసభవారి ప్రాథమిక, మధ్యమ పరీక్షలకు గుంపులు గుంపులుగా కూర్చుండి, సర్టిఫికెట్లు పటము కట్టించుకొని, హిందీని మాత్రము పరీక్షాగృహముననే విడిచివచ్చిరి. ఆ పటములను గోడమీదనుండి దించి ఇప్పుడైన వాడుకొనుడు.

బండివాని మరపు ఎంతపని చేయునో చూడగోరువారు మృచ్ఛకటికమును చదువవలెను. అందు నాయకుడైన చారుదత్తుడు సార్థవాహుల వంశమువాడు. అనగా బిడారులను నడిపించి దేశాంతరములకు సరుకు చేర్చినవారి మనుమడు. అట్టి యింటి బండివాడు, వర్ధమానకుడు, వసంతసేన నెక్కించుకొని పోవలసిన దినమున బండిలో పరువవలసిన పరుపును మరచి, తెచ్చుటకై వెనుకకు మరలినాడు. అంతలో పల్లెటూరి బండ్లు దారిని మూసివేయగా వేరొకని బండి వచ్చి ఆ వాకిట నిలిచినది. ఆమె అది తన బండియే యనుకొని యెక్కినది. నాటకమునందలి కష్టములు అనేకము అచ్చటనే పుట్టినవి. మన క్లీనర్లు టార్పాలినును మరచుట, రసీదులో బస్తాల లెక్కను మరచుట ఈ కోవలోనివే. వానకు తడిసిన కొబ్బరికాయ మరునాడు వర్తకుని నోట మీ పేరుగా మారును.

లెక్క విషయమున కఠినముగానే చెప్పెదము. ఎత్తునప్పుడు బస్తాలు లెక్కించి వ్రాయుడు. దించునప్పుడు ఎదుట నిలిచి లెక్కింపజేసి సంతకము గైకొనుడు. 1865 నాటి క్యారియర్సు ఆక్టును తొలగించి 2007లో రోడ్డు రవాణాకు క్రొత్త చట్టము చేసిరి. అది 2011లో అమలునకు వచ్చినది. రసీదుమీద సరుకు స్వీకరించు రవాణాదారుని చేతిలో అది పోయినచో, అతడు అజాగ్రత్తగా నుండెనని వర్తకుడు రుజువుచేయ నక్కరలేదని పాతచట్టమును, కొత్తచట్టమును రెండును చెప్పినవి. సర్కారువారే ఇట్లు భారము మీ తలమీద నుంచగా, మీరు ఇష్టపూర్వకముగా ఒక అడుగు ముందుకు వేసి, "రెండు బస్తాలు తక్కువ వచ్చినవి, కిరాయిలో తగ్గించుకొనుడు" అని తగవులేక చెప్పినచో, ఆ రెండు బస్తాల విలువ నష్టము గాదు. మేము దీనిని ప్రకటనఖర్చు అనియు పిలువము, న్యాయము. న్యాయమే ఈ వ్యాపారములో ప్రకటనగా పనిచేయుచుండుట మీ యదృష్టము.

ఇక బండిమీది వ్రాతలు. లారీయే నడచు బోర్డు గదా! దానిమీద హారను కొట్టుమనియు, ఏడువకుమనియు, కన్నుదిష్టి తగులకుండుగాక యనియు వ్రాయించెదరే గాని, యజమాని పేరును, ఊరును, ఫోను నంబరును చదువదగినట్లు వ్రాయించరు. తెలుగునను హిందీయందును రెండులిపులలో వ్రాయింపుడు. ఎటులైనను రంగు వేయింతురు. పెయింటరునకు ఇంకొక గంట పని. వ్రాయించిన నంబరునకు ఫోను వచ్చినప్పుడు పలుకువా డొకడుండవలెను. మీరు దారిలో నున్నచో ఇంటిలో ఆడవారికి కిరాయిలెక్కలు నేర్పుడు. మన ఆడుబిడ్డలు డిగ్రీలు చదివి యూరకున్నారు. మీకంటె వారే స్పష్టముగా సమాధానము చెప్పగలరు. గూగులువారి పటములో మీ పేరును ఊరును ఉచితముగా నెక్కించుకొనవచ్చునని మా మనుమడు చెప్పినాడు. అదియు చేయుడు.

చిహ్నమునుగూర్చి యొక విచిత్రము వినుడు. జపానుదేశమున 1919లో టోక్యోనగరమందు నాలుగే లారీలతో యమాటో అను రవాణాసంస్థ మొదలైనది. నేడది ఆ దేశమున ప్రతి యింటికిని తెలిసిన పేరు. 1976 నుండి ఇంటింటికి పొట్లములు చేర్చుచున్నది. 1957లో వారు అమెరికాదేశపు అలైడ్ వాన్ లైన్సు సంస్థవారి చిహ్నమును చూచి, వారి యనుమతితో, తల్లిపిల్లి తన పిల్లను నోట కరచుకొని పోవుచున్న బొమ్మను స్వీకరించిరి. ఇది మన శ్రీవైష్ణవాచార్యులు శతాబ్దులుగా చెప్పుకొనుచున్న మార్జాలకిశోరన్యాయమే! కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొనవలెను, పట్టువిడిచిన పడిపోవును. పిల్లికూన కట్టి శ్రమ లేదు, తల్లియే మోసికొనిపోవును. దినమునకు పదిమారులు తానే ఫోను చేసి "బండి యెక్కడ?" అని యడుగవలసిన వర్తకుడు కోతిపిల్లవంటివాడు. సాయంకాలమున మీ ఫోను విని నిద్రపోవువాడు పిల్లికూనవంటివాడు. మోక్షవిషయమున ఏ న్యాయము మేలో ఆచార్యులు వాదించుకొందురుగాక; రవాణావిషయమున మాత్రము వివాదము లేదు. అయినను లారీమీద పిల్లిబొమ్మ వ్రాయింపుడని మేము చెప్పము. పిల్లి యెదురైన బండి నిలిపి నీళ్ళు త్రాగి కదలు దేశము మనది.

తిరుగు లోడునుగూర్చి క్లుప్తముగా చెప్పెదము. పోవునప్పటి కిరాయి డీజిలుకును, టోలునకును, డ్రైవరు బత్తాకును సరిపోవుట కష్టము. వచ్చునప్పటి లోడే యజమాని బ్రదుకు. మహారాష్ట్రమునుండి ఉల్లి తాడేపల్లిగూడెపు విపణికి వచ్చుచున్నది. అది మనకు వసిష్ఠ యావలనే. కొబ్బరి దించినచోటి వర్తకునే తిరుగు లోడు చూపుమని యడుగుడు. మీ యెడ అతనికి నమ్మకము కుదిరియున్న యెడల ప్రక్కదుకాణమువానికి ఫోను చేయుట అతనికి శ్రమ గాదు. అట్లే కొబ్బరి యొక్కదానినే నమ్ముకొనరాదు. 1996 నవంబరు 6వ తేదీనాటి తుపానులో మన తోటలు లెక్కకు మిక్కిలిగా నేలకొరగినవి. నాటిన మొక్క కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. ఆ యేండ్లు వాయిదాలు ఆగునా?

చిన్న బండ్లవారికి వేరుగా నొక మాట. 2005లో టాటావారి ఏస్ బండి వచ్చిన తరువాత, కాలువగట్టులమీదను తోటదారులలోను పెద్దలారీ పోలేనిచోట్లకు అది పోవుచున్నది. వీరి ఖాతాదారుడు ఇరుగుపొరుగువాడే. కడియము నర్సరీ మొక్కలు, ఆత్రేయపురము పూతరేకుల పెట్టెలు, పెండ్లివారి సారె, ఇల్లు మారువారి సామాను, ఇవి యన్నియు నలుగురు చూచుచుండగా జరుగు పనులు. సారె పెట్టెలు చెక్కుచెదరక దించినవాని పేరు ఆ పందిటిలోనే నూరుమందికి తెలియును. 1986 ఆగస్టులోను, 2022 జులైలోను గోదావరి పొంగి లంకగ్రామములు మునిగినప్పటివంటి దినములు మరల వచ్చును. ఆ దినమున కిరాయి రెట్టింపు చేయువాడు వారములో నాలుగుడబ్బు లెక్కువ గడించును. ముసలివారిని, పశువులను, ధాన్యపు బస్తాలను మామూలు కిరాయికే గట్టెక్కించినవానిని ఆ లంకవారు మనుమల తరమువరకు తలచుకొందురు. లంకలలో అరటియు, కూరగాయలును ఏటేట పండుచునే యుండునుగదా.

ఇక అసలు చెప్పవలసినది. నిన్న విషయనిర్ధారణ సంఘములో కొందరు పెద్దలు, "మన కులమువాని సరుకు మన కులమువాని లారీయే ఎత్తవలెనని తీర్మానింతము" అనిరి. వారి సదుద్దేశమును మేము శంకింపము. తీర్మానమును మాత్రము సమ్మతింపజాలము. మనవాడని మొదటి లోడు ఇత్తురు. అది ఆలస్యమైనచో, మనవాడుగదా అని వర్తకుడు నోరుమూసికొనును. లెక్క తక్కువైనను అడుగడు. మూడవమారు చెప్పక పెట్టక వేరు బండి పిలుచును. ఆ దినమునుండి ఇద్దరును పెండ్లిండ్లలో మొగములు చాటుచేసికొందురు. చుట్టరికమును అడ్డుపెట్టి సంపాదించిన కిరాయి ఇట్లు చుట్టరికమునే తినివేయును. అదియునుగాక ఇతరకులములవారును ఇట్టి తీర్మానమే చేసికొనిన యెడల, మన లారీలు మన తోటల నడుమనే తిరుగవలసి వచ్చును. ఉత్తరదేశపు వర్తకుడు మన కులమేదో యడిగి లోడు దించుకొనుట లేదు.

పోషకమహాశయులారా! మీనుండి మేము కోరునది ధనము గాదు, నిర్బంధపు లోడును గాదు. మీ సరుకు ఏ చిన్నవాని బండిలోనైన చెప్పిన దినమునకు, చెప్పిన లెక్కకు చేరినచో, ఆ సంగతిని రెండు వాక్యములలో మీ దుకాణపు కాగితముమీద వ్రాసి, తేదీ వేసి, సంతకము చేసి ఆతని చేతికిండు. దూరదేశమున మీకు తెలిసిన వర్తకునికి ఒక్క ఫోను చేసి ఆతని పేరు చెప్పుడు. చేరనియెడల ఆ మాటయు ఆతనితోనే సూటిగా చెప్పుడు. ఈ మూడింటికిని మీకు కాసు ఖర్చు లేదు.

సంఘమును కోరునది ఇంకొకటి. ఈ సంచికలో పూర్తిపుటకు ఇంత, అర్ధపుటకు ఇంత అని ధరలు నిర్ణయించి అభినందనల ప్రకటనలు స్వీకరించుచున్నారు. అచ్చుఖర్చులకు అవి యవసరమే. రాబోవు సంచికలో ఒక్క పుటను మాత్రము ఉచితముగా విడిచిపెట్టుడు. దానిలో లారీ యజమానుల పేరు, ఊరు, బండి తరహా, వాడుకగా పోవు దారి, ఫోను నంబరు ఇంతమాత్రమే వేయుడు; ఛాయాచిత్రములు, బిరుదములు వలదు. ఒక్క నిబంధన: ఏ కులమువారైనను సరే, ఇద్దరు వర్తకులు వ్రాసియిచ్చిన చీటీలు చూపినవాని పేరే చేర్చవలెను. సంవత్సరములో రుజువైన ఫిర్యాదు వచ్చినచో మరుసటి సంచికలో ఆ పేరు తీసివేయవలెను, వాడు అధ్యక్షుల మేనల్లుడైనను సరే. (అధ్యక్షులు నవ్వుచున్నారు గనుక సమ్మతించినట్లే గ్రహించుచున్నాము.)

ఆ పట్టికను వ్రాయుటకు ఒక పుస్తకమును మేమే తెచ్చి కార్యదర్శిగారి బల్లమీద నుంచితిమి. భోజనానంతరము మేమచ్చటనే కూర్చుందుము. చీటీలున్నవారు చీటీలతో రండు. లేనివారు ఏ వర్తకునికి కడపటిమారు సరుకు చేర్చితిరో ఆ పేరును, ఫోను నంబరును జ్ఞప్తికి దెచ్చుకొని రండు, అచ్చటనుండియే ఆయనకు ఫోను చేయుదము.